ఏడుగురు కొడుకులు ఐదుగురు ఎలా అయ్యారు?

పోయిన నెల ఈ శీర్షికలో నేను ఘానా ఉత్తర ప్రాంతంలోని తమలే పట్నంలో గడిపిన నాలుగేళ్ల గురించి రాశాను. 1978లో మావారికి అక్కడి ఒక సెకండరీ స్కూల్లో లెక్కల మాస్టారుగా ఉద్యోగం వచ్చింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఒక పండగ ముందు రాత్రి చీఫ్ ఇంటి ముందు ఒక పెద్దాయన నిలబడి, తెల్లవారేదాకా పాత రాజుల కథ పాడాడు. వెనక కూర్చున్నవాళ్లు చంకలో ఇరికించుకున్న డోళ్లతో ఆయన మాటకు మాట అందించారు. వాళ్లను అక్కడ లున్సి అంటారు. దగ్బోన్ రాజ్యం చరిత్ర వాళ్ల నోట్లోనే ఉంటుంది. మద్రాసు తిరిగొచ్చాక నేను మానవశాస్త్రం చదవడానికీ, ఇక్కడి కాలేజీలో ఇరవై నాలుగేళ్లు ఆ పాఠమే చెప్పడానికీ కారణం ఆ రాత్రే అని రాశాను.

దానికి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఎక్కువ భాగం చెన్నై తెలుగువాళ్లవే. వాటిలో ఒక ఉత్తరం నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ముందు అదే.

ప్ర: మాది నెల్లూరు జిల్లా. తాతగారి కాలంలో మద్రాసు వచ్చి అయనావరంలో స్థిరపడ్డాం. నా చిన్నప్పుడు ఊరికి వెళ్తే మా వంశం చెప్పే పిచ్చుకగుంట్లాయన వచ్చి, గోత్రం దగ్గర మొదలుపెట్టి మా తాతగారి దాకా పేర్లు గడగడా చెప్పేవాడు. మా ముత్తాతకు నలుగురు కొడుకులని ఆయన చెప్పడం నాకు బాగా గుర్తు. మొన్న పాత ట్రంకుపెట్టెలో 1931 నాటి పొలం అమ్మకం దస్తావేజు దొరికింది. అందులో ఐదుగురు అన్నదమ్ములు సంతకాలు పెట్టారు. ఐదో ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఇన్నాళ్లూ మేం విన్నది అబద్ధమేనా? ఇలాంటి నోటిమాటను మీరు చరిత్ర అని ఎలా అంటారు?
— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, అయనావరం

జ: మీ ఐదో తాతగారిలాగే జాబితాలోంచి జారిపోయినవాళ్లు ఇద్దరు పశ్చిమ ఆఫ్రికా చరిత్రలో ఉన్నారండీ. ముందు వాళ్ల సంగతి చెప్పనివ్వండి.

తమలేకి పడమరగా గొంజా అనే రాజ్యం ఉంది. జక్పా అనే వీరుడు దాన్ని గెలిచి, సీమలుగా విడదీసి, కొడుకులకు పంచిపెట్టాడని అక్కడివాళ్లు చెబుతారు. ఆ సీమల పాలకులు వంతులవారీగా పెద్ద గద్దె ఎక్కుతారు. అంటే జక్పాకు ఎందరు కొడుకులన్నది పొద్దుపోక చెప్పుకునే కబురు కాదు. గద్దె మీద ఎవరికి వంతు ఉందో తేల్చే మాట. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వాళ్లు ఈ కథ రాసుకున్నప్పుడు జక్పాకు ఏడుగురు కొడుకులు. సీమలూ ఏడు. దాదాపు ఆ రోజుల్లోనే రెండు సీమలు పోయాయి. ఒకదాని పాలకులు, సమోరీ తూరే అనే రాజు దండెత్తి వచ్చినప్పుడు అతని పక్షాన నిలబడ్డారని దాన్ని పక్క సీమలో కలిపేశారు. ఇంకొకటి బ్రిటిష్ వాళ్లు సరిహద్దులు మార్చినప్పుడు పోయింది. అరవై ఏళ్ల తర్వాత అదే కథను మళ్లీ రాసుకుంటే జక్పాకు ఐదుగురే కొడుకులు.

ఈ సంగతిని లోకానికి చెప్పినవాడు జాక్ గూడీ అనే ఇంగ్లిష్ మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెళ్లి, ఖైదీగా పట్టుబడి, తిరిగొచ్చాక ఉత్తర ఘానాలో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. 1963లో ఇయాన్ వాట్ అనే సాహిత్య విమర్శకుడితో కలిసి రాసిన వ్యాసంలో ఈ ఏడుగురు, ఐదుగురు కొడుకుల కథ ఉంది. గొంజాలో ఎవరూ కూర్చుని కుట్ర చేయలేదు. పాలించడానికి సీమ లేని కొడుకు పేరు చెప్పే అవసరం ఎవరికీ రాలేదు, అంతే. చెప్పని పేరు ఒక తరంలో మసకబారుతుంది, రెండో తరంలో పోతుంది.

నైజీరియాలో టివ్ అనే జనం ఉన్నారు. ఎవరికి ఏ పొలం మీద హక్కో, ఎవరి గొడవలో ఎవరు ఎవరి పక్కన నిలబడాలో వాళ్లలో వంశవృక్షమే చెబుతుంది. కోర్టులో పనికొస్తాయని బ్రిటిష్ అధికారులు ఆ వంశావళులు రాసి పెట్టుకున్నారు. నలభై ఏళ్లు గడిచాక ఆ కాగితాలు చూపిస్తే టివ్ పెద్దలు ఇవి తప్పు అన్నారు. అధికారులేమో అప్పటి పెద్దలు చెప్పిందే రాశాం కదా అన్నారు. రెండు వైపులా నిజాయితీ ఉంది. 1950 ప్రాంతంలో అక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్త లారా బొహానన్ దీన్ని వివరంగా రాసింది.

ఇక్కడిదాకా చెప్పగానే మా క్లాసులో ఎవరో ఒకరు లేచి, "అయితే నోటి చరిత్ర అంతా ఇవాళ్టి అవసరానికి అల్లుకున్నదే కదా మేడమ్" అనేవాళ్లు. అది నేను ఒప్పుకోను. జాన్ వాన్సినా అనే బెల్జియన్ చరిత్రకారుడు కాంగోలో కూబా ప్రజల మధ్య ఉండి, నోటి సాక్ష్యాన్ని కూడా పాత తాళపత్రాన్ని పరిశీలించినట్టే పరిశీలించవచ్చని 1961లోనే పుస్తకం రాశాడు. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఎవరి ముందు చెప్పారు, చెబితే వాళ్లకేం వస్తుంది, అదే కథ పక్క ఊళ్లో ఎలా ఉంది అని అడగాలంటాడు. ఇవాళ ఎవరికీ పనికిరాని పాత ముక్కలు కూడా కథల్లో మిగిలే ఉంటాయని ఆయనే చూపించాడు. పూర్తిగా అవసరం కోసమే అయితే ఆ ముక్కలు ఎప్పుడో రాలిపోయేవి.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. మీ పిచ్చుకగుంట్లాయన (వాళ్లు ఇప్పుడు వంశరాజ్ అని పిలవమంటున్నారు, మనమూ అలాగే పిలుద్దాం) ఎవరి గడపలో నిలబడి వంశం చెప్పాడు? మీ గడపలో. ఆయనకు ధాన్యం పోసింది మీ నలుగురు తాతల ఇళ్లవాళ్లు. ఐదో ఆయనకు మగపిల్లలు లేక ఆ ఇల్లు ఆగిపోయి ఉండొచ్చు. తన వాటా అమ్ముకుని ఏ రంగూన్‌కో పోయి ఉండొచ్చు. గొడవపడి విడిపోయి ఉండొచ్చు. దత్తత పోయాడా అన్నది మాత్రం తప్పకుండా అడగండి. దత్తత పోతే గోత్రం మారుతుంది. గోత్రం మారితే ఆయన పేరు మీ గడపలో చెప్పరు, ఇంకో ఇంటి గడపలో చెబుతారు. అప్పుడు ఆ పేరు పోలేదు, ఇల్లు మారిందంతే. అలా వెళ్లినాయన సంతకం మీ దస్తావేజులో ఎందుకుందో కూడా అప్పుడు తేల్చాలి.

దస్తావేజు మాత్రం ఏం చెబుతోంది? 1931లో ఫలానా పొలం అమ్మకానికి ఐదు సంతకాలు కావలసి వచ్చాయని చెబుతోంది. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో దానికి తెలియదు. అదీ ఒక అవసరానికి పుట్టిన సాక్ష్యమే. ఇదే చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తకాలయంలో మెకంజీ దొర సేకరించిన కైఫియత్తులు ఉన్నాయి. రెండు వందల ఏళ్ల కిందట కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత, పెద్దల చేత ఊరి చరిత్ర చెప్పించి రాయించారు. గుళ్లు, మాన్యాలు, పాత దొరలు, అన్నీ ఉంటాయి. చెబుతున్న కరణానికి తన మాన్యం నిలబడాలన్న ఆశ ఉండదా? ఉంటుంది. అయినా వాటిని పారేయం కదా. నెల్లూరు సీమ కైఫియత్తుల్లో మీ ఊరిది ఉందేమో చూడండి.

అన్నిటికన్నా ముందు ఆ వంశరాజ్ కుటుంబాన్ని వెతకండి. ఆయన లేకపోయినా కొడుకో మనవడో ఉంటారు. వాళ్లను అడగాల్సింది "మీ నాన్న ఎందుకు తప్పు చెప్పాడు" అని కాదు. "మా ముత్తాత కొడుకుల గురించి మీ ఇంట్లో ఏమనుకునేవాళ్లు" అని. తమలేలో మా పక్క వీధి లున్సి పెద్దాయన ఒక రాజు చావు దగ్గరికి రాగానే దాటేసి ముందుకు వెళ్లిపోయేవాడు. నేను మావారి స్టూడెంట్‌ని వెంటబెట్టుకుని వెళ్లి ఎందుకలా అని అడిగాను. ఆ మాట ఎత్తాలంటే ముందు గొర్రెను కోయాలి, కోయకుండా చెబితే చెప్పినవాడికి కీడు, అన్నాడు. నేను అప్పటిదాకా ఆయనకు తెలియదనుకున్నాను. మీ ముందు చెప్పనిది ఆయనకు తెలియనిది అని మీరూ అనుకోవద్దు.

ఏం తేలిందో నాకు రాయండి. నిజంగా ఎదురు చూస్తాను.

ప్ర: నేను మైలాపూర్‌లో మృదంగం నేర్చుకుంటున్నాను. ఆఫ్రికా డోలు "మాట్లాడుతుంది" అని రాశారు. మేం నోటితో సొల్లు (తకధిమి లాంటి జతులు) చెప్పి వాయిస్తాం కదా, అలాంటిదేనా?
— డిగ్రీ విద్యార్థిని

జ: కాదమ్మా. మీ సొల్లుకట్టు వాద్యం కోసం పుట్టిన భాష. "తధిగిణతోం" అంటే ఇంట్లో నీళ్లు తెమ్మని అర్థం రాదు. దగ్బోన్‌లో డోలు వాయించేది ఇంట్లో మాట్లాడే భాషనే.

దగ్బానీ భాషలో మాట ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకో అర్థం. మన తెలుగులో స్వరం ఎత్తితే కోపమో ఆశ్చర్యమో తెలుస్తుంది కానీ మాట అర్థం మారదు. అక్కడ మారుతుంది. లుంగా అనే వాళ్ల డోలు మన బుడబుక్కలాయన చేతిలోదానిలా నడుము సన్నగా ఉంటుంది, సైజు మాత్రం పెద్దది. రెండు చర్మాలనూ కలుపుతూ చుట్టూ తోలు తాళ్లు ఉంటాయి. చంకలో పెట్టుకుని మోచేత్తో ఆ తాళ్లను నొక్కితే చర్మం బిగిసి స్వరం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. వంకీ కర్రతో కొడుతూ ఒక వాక్యంలోని ఎత్తుపల్లాలను, పొడుగుపొట్టిలను అచ్చం అలాగే వాయిస్తారు.

అచ్చులూ హల్లులూ లేకుండా ఎలా తెలుస్తుందని అడుగుతావేమో. ఒక్క మాటే వాయిస్తే తెలియదు. అందుకే ఒక్క మాట వాయించరు. ప్రతి రాజుకూ, ప్రతి కుటుంబానికీ సామెత లాంటి ఒక పొడుగు బిరుదు వాక్యం ఉంటుంది. చిన్నప్పటినుంచీ విన్న చెవికి అది మొదలవగానే తెలిసిపోతుంది. సంతలో నడుస్తున్న మనిషి తన తాత బిరుదు డోలు మీద వినగానే ఆగిపోయి, వెనక్కి తిరిగి, వాయించేవాడి నుదుటి మీద నాణెం అద్దడం నేను చాలాసార్లు చూశాను. నాలుగేళ్లున్నా నా చెవికి రెండు బిరుదులే పట్టుబడ్డాయి.

ప్ర: మాలి దేశంలో దోగోన్ అనే తెగవాళ్లకు సిరియస్ నక్షత్రం పక్కన కంటికి కనిపించని ఇంకో నక్షత్రం ఉందని వేల ఏళ్ల నుంచి తెలుసట. గ్రహాంతరవాసులు వచ్చి చెప్పారని వీడియోలో చూశాను. మీ మౌఖిక సంప్రదాయం గొప్పతనానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తాంబరం

జ: బాబూ, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. ప్రతిసారీ నాకు బాధే కలుగుతుంది, ఎందుకంటే దోగోన్ వాళ్ల అసలు గొప్పతనం ఈ గోలలో మునిగిపోతోంది.

జరిగింది ఇది. మార్సెల్ గ్రియోల్ అనే ఫ్రెంచి మానవశాస్త్రవేత్త 1930ల నుంచి దోగోన్ ఊళ్లకు వెళ్లేవాడు. 1946లో ఒగోతెమ్మెలి అనే అంధుడైన వృద్ధ వేటగాడు ఆయన్ని పిలిపించి 33 రోజుల పాటు సృష్టి రహస్యాలు చెప్పాడు. అది 1948లో పుస్తకమైంది. 1950లో గ్రియోల్, జెర్మేన్ దీతెర్లెన్ కలిసి సిరియస్ గురించిన వ్యాసం వేశారు. నువ్వు చూసిన వీడియోకి మూలం ఆ వ్యాసమే.

ఆ జంట నక్షత్రం ఉండాలని బెస్సెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1844లో లెక్కగట్టాడు. 1862లో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ దాన్ని దుర్భిణిలో చూశాడు. అది చాలా చిన్నది, చాలా బరువైనది అన్న సంగతి 1920లకల్లా యూరప్‌లో పత్రికలు చదివేవాళ్లందరికీ తెలుసు. గ్రియోల్ వ్యాసం వచ్చింది ఆ తర్వాత. వాల్టర్ వాన్ బీక్ అనే డచ్ మానవశాస్త్రవేత్త 1979 నుంచి దోగోన్ వాళ్ల మధ్య ఏళ్ల తరబడి ఉండి, 1991లో తన ఫలితాలు ప్రకటించాడు. సిరియస్ పక్కన రెండో నక్షత్రం సంగతి తమ సంప్రదాయంగా తెలిసినవాళ్లు ఆయనకు ఎవరూ కనపడలేదు. ఒగోతెమ్మెలి చెప్పిన సృష్టి కథ కూడా ఆ రూపంలో ఎవరి నోటా వినపడలేదు.

గ్రియోల్ అబద్ధమాడాడని నేను అనను. ఆయన అడిగిన తీరు అలాంటిది. మళ్లీ మళ్లీ అడుగుతూ, లోతు ఇంకా ఉంది ఇంకా ఉంది అని నమ్మే పెద్దమనిషి ఎదురుగా కూర్చుంటే, తెలివైన ముసలాయన ఆలోచించి, కల్పన చేసి, అందంగా చెబుతాడు. ఆ 33 రోజుల్లో ఇద్దరూ కలిసి ఒక కొత్త కథ కట్టారు. అందుకే మౌఖిక సంప్రదాయం రాసుకునేవాడు తన ప్రశ్నను కూడా రాసుకోవాలి. ఒకే మనిషి చెప్పింది మొత్తం జాతి జ్ఞానం అని ప్రకటించకూడదు.

దోగోన్ వాళ్లు బండియాగరా కొండచరియ అంచున రాతి మీద మట్టి పోసి ఉల్లి పండించేవాళ్లు. వాళ్ల చావు పండగల ముసుగు నాట్యాల గురించి చదువు. గ్రహాంతరవాసులు అక్కర్లేదు.

ప్ర: పశ్చిమ ఆఫ్రికాలో రాజుల కథలు, వంశాలు పాడే గ్రియోలు, మన భట్రాజులు ఒకటేనా? వాళ్లు రాజులను పొగిడి బతికేవాళ్లే కదా?
— తెలుగు టీచర్, టి. నగర్

జ: "పొగిడి బతికేవాళ్లే కదా" అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉందండీ.

1352లో ఇబ్న్ బతూతా అనే మొరాకో యాత్రికుడు మాలి రాజు దర్బారుకు వెళ్లాడు. పండగ రోజు కవులు ఒళ్లంతా ఈకల వేషం, తల మీద ఎర్ర ముక్కున్న చెక్క తొడుగు పెట్టుకుని వచ్చి రాజు ముందు నిలబడ్డారట. నువ్వు కూర్చున్న ఈ గద్దె మీద ఫలానా రాజు కూర్చుని ఫలానా మంచి పని చేశాడు, ఫలానావాడు ఫలానా పని చేశాడు, నువ్వూ నీ తర్వాత చెప్పుకునే పని చెయ్యి, అని చెప్పారని రాశాడు. అందులో పొగడ్త ఎంతుందో హెచ్చరిక అంతుంది. ఆయనకు ఆ వేషం నవ్వులాటగా అనిపించింది. నాకు మాత్రం వేషాలేసి రాజు ముఖం మీదే మాట అనగలిగిన మన భాగవతులు గుర్తొచ్చారు.

మాలి వైపు మాట్లాడే "మండే" అనే కుటుంబం భాషల్లో గ్రియోలను జేలీ అంటారు. ఆ పని పుట్టుకతో వస్తుంది. కుయాతే, జబాతే లాంటి ఇంటిపేర్లు వింటేనే జేలీలని తెలుస్తుంది, పెళ్లిళ్లు కూడా ఎక్కువగా తమలో తామే. 21 తీగల కోరా, కర్ర పలకల బాలా, చిన్న తంబూరా లాంటి ఎంగోనీ వాళ్ల వాద్యాలు. మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుంజాటా కథ వాళ్ల వల్లే మిగిలింది. 1235 ప్రాంతంలో కిరినా దగ్గర సుమంగురు అనే రాజును అతను ఓడించాడు. నోటి కథ ఒక్కటే ఆధారమైతే అనుమానించేవాళ్లు ఉండేవాళ్లు. కానీ 14వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ అనే అరబ్ చరిత్రకారుడు మాలి రాజుల జాబితా రాస్తూ మారీ జాటా అనే పేరుతో అతన్ని రాశాడు. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన మాట ఒకచోట కలిసింది. కథలోని మంత్రాలు, కోడిపుంజు కాలి ముల్లు కట్టిన బాణం మాత్రం జేలీల నోట్లోనే ఉన్నాయి, అవి లేకుండా ఆ కథ అక్కడ ఎవరూ వినరు.

పోలిక ఎక్కడ కుదురుతుందంటే, అవసరం ఉన్న చోట నెత్తిన పెట్టుకుని మిగతా చోట దూరంగా ఉంచడం. సెనెగల్‌లో కొన్ని చోట్ల గ్రియో చనిపోతే భూమిలో పూడ్చనివ్వలేదు, బోబాబ్ చెట్టు తొర్రలో పెట్టేవాళ్లు. మన దగ్గర పల్నాటి కథ, కాటమరాజు కథ మోసుకొచ్చినవాళ్లలో ఎందరిని మనం అరుగు మీద కూర్చోబెట్టాం? కారెంపూడి వీరుల కథను ఆలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసి, అనువదించి, 1982లో పుస్తకంగా తెచ్చినవాడు జీన్ రోఘైర్ అనే అమెరికన్. ఆ పని చేసినందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. అది ముందుగా మన విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని అన్న బాధ మాత్రం నాకు పోదు.

ఇంకొకటి. మీ ప్రశ్నలో ఆడవాళ్లు లేరు. నైజీరియాలో ఒకుకు అనే యొరుబా ఊళ్లో 1970లలో కారిన్ బార్బర్ అనే పరిశోధకురాలు ఉండి, ఒరికీ అనే బిరుదు పాటల మీద పనిచేసింది. అక్కడ ఆ పాటలు ఎక్కువగా ఆడవాళ్ల నోటివే. పెళ్లికూతురు పుట్టింటి నుంచి వెళ్లేటప్పుడు పాడుతుంది, చావింట్లో కోడళ్లూ కూతుళ్లూ పాడతారు. వాటిలో కథ వరుసగా ఉండదు, ఒక పేరు, ఒక గొడవ, ఒక ఎగతాళి, మళ్లీ ఇంకో పేరు. రాజుల చరిత్రలో లేని ఊరి సంగతులన్నీ అందులో ఉంటాయి.

ప్ర: తమలేలో మీరు ఏం తినేవారు? అన్నం దొరికేదా?
— గృహిణి, విల్లివాక్కం

జ: బియ్యం దొరికేది కానీ ఖరీదు. జొన్నపిండి, మొక్కజొన్నపిండితో తువో జాఫీ చేస్తారు. మన సంకటే. దాంతో జనుపాకు కూర, జిగురుగా ఉంటుంది. మా అత్తగారిది అనంతపురం వైపు కాబట్టి నాకు సంకటి అలవాటే, గోంగూర కోసమే ప్రాణం లాగేది. రెండో ఏడాది సంతలో ఎండిన ఎర్ర గోంగూర పూలు చూసి ఆకు కూడా దొరుకుతుందా అని అడిగాను. అక్కడా వండుకుంటారని తెలిసిన రోజు నాకు పండగే.

ప్ర: మా అమ్మమ్మకు 84 ఏళ్లు. పెరంబూరులో మాతోనే ఉంటుంది. ఆవిడ పాడే అప్పగింతల పాట, మా పెద్దమ్మ పాడేది ఒకటే పాటట, కానీ సగం మాటలు వేరు. ఏది అసలైనది? ఫోన్లో రికార్డ్ చేయాలంటే ఏమేం చూసుకోవాలి? ఆవిడ ఆరోగ్యం చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జ: టెన్షన్ పడకండి, కానీ ఆలస్యమూ చేయకండి.

"అసలైనది" అన్న మాట పక్కన పెట్టండి. పైన చెప్పిన గూడీయే ఉత్తర ఘానాలో లోదగా అనే జనం చెప్పుకునే బాగ్రే అనే పొడుగాటి పూజా గాథను 1950 ప్రాంతంలో ఒకాయన చెబుతుంటే రాసుకుని, 1972లో అచ్చు వేశాడు. తర్వాత టేప్ రికార్డర్లు వచ్చాక మళ్లీ వెళ్లి, పూజలో నిజంగా చెబుతున్నప్పుడు రికార్డు చేశాడు. ఒకటీ ఇంకొకటీ కలవలేదు. మాటలు మారడం కాదు, కొన్నిచోట్ల ఘట్టాలే లేవు, కొన్నిచోట్ల కొత్తవి ఉన్నాయి. చెప్పేవాళ్లు మాత్రం అన్నీ ఒకటే బాగ్రే అన్నారు. ఒక్కసారే రాసుకుని వదిలేసి ఉంటే మనం ఆ ఒక్కదాన్నే అసలు అనుకునేవాళ్లం. కాబట్టి అమ్మమ్మ పాటా, పెద్దమ్మ పాటా రెండూ తీసుకోండి. అమ్మమ్మ చేతనే ఇంకో రోజు మళ్లీ పాడించండి. పెద్దమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి, బహుశా అత్తగారి దగ్గర అయి ఉంటుంది, అప్పుడు ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

బండియాగరాలో పుట్టిన అమాదు హంపాతే బా అనే పెద్దాయన 1960లో యునెస్కో సభలో, ఆఫ్రికాలో ఒక వృద్ధుడు పోతే ఒక గ్రంథాలయం తగలబడినట్టే అన్న అర్థంలో మాట్లాడాడు. ఆయనంటే నాకు చాలా గౌరవం. అయినా గ్రంథాలయంలో పుస్తకం ఎవరు తెరిచినా ఒకే పేజీ చూపిస్తుంది. మీ అమ్మమ్మ మీకు ఒకలా, కోడలికి ఒకలా, తన చెల్లెలికి ఇంకోలా పాడుతుంది. కుదిరితే ఆ చెల్లెలు వచ్చినప్పుడు కూడా ఫోన్ పక్కన పెట్టండి.

నా దగ్గర తమలే క్యాసెట్లు పదమూడు ఉండేవి. జాఫర్‌ఖాన్‌పేట ఇంట్లో బీరువా కింది అరలో పెట్టాను. 2015 డిసెంబర్ వరదలో అడయారు నీళ్లు నడుము దాకా వచ్చాయి. తొమ్మిది పోయాయి. పై అరలో పొరపాటున ఉండిపోయిన నాలుగు మిగిలాయి. ఆ తొమ్మిదింటిలో ఆ రాత్రంతా పాడిన పెద్దాయన గొంతు ఉంది, ఆయన ఇప్పుడు లేడు. అందుకే చెబుతున్నాను, రికార్డు చేసిన రోజే మూడు చోట్ల దాచండి. ఒకటి మీ ఫోన్‌లో కాకుండా వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఉండాలి.

మిగిలిన నాలుగు క్యాసెట్లు ఈ మధ్య మళ్లీ విన్నాను. మూడో దానిలో ఇంకో పెద్దాయన ఒక పేరు చెప్పి ఆగుతాడు. ఆ నిశ్శబ్దం భరించలేక నేను వెంటనే ఇంకో ప్రశ్న అడిగేశాను. ఆయన దానికి జవాబు చెప్పాడు. ఆ పేరు దగ్గరికి మళ్లీ రాలేదు.

బటన్ నొక్కాక ముందు మీ గొంతుతోనే ఆవిడ పేరు, పుట్టిన ఊరు, ఆ రోజు తేదీ, గదిలో ఎవరెవరున్నారో చెప్పండి. ఆ పాట మొదట ఎవరి పెళ్లిలో విన్నారో అడగండి. ఆవిడ ఆగితే మీరు మాట్లాడకండి, యాభై దాకా లెక్కపెట్టుకోండి. ఫ్యాన్ ఆపేయండి. ఈ ఎండల్లో కష్టమే, కానీ ఫ్యాన్ చప్పుడు పాటంతటి మీదా కూర్చుంటుంది. అమ్మమ్మకు విసనకర్ర ఇవ్వండి.